విధి నిర్వహణలో పతనం

ఆ ఊరి పేరు చెప్పను. చెబితే మా గురించే రాశారని ఆ ఊరివాళ్ళు పొంగిపోతారు, మా గురించే రాశారని ఆ శాఖవాళ్ళు సంజాయిషీ అడుగుతారు. సముద్రానికి దగ్గరగా, ఉప్పుగాలికి సైన్‌బోర్డుల మీద రంగు ఊడిపోయే ఊరు అనుకుంటే చాలు. అక్కడ ప్రభుత్వంవారి హాస్యనటనా శిక్షణాలయం ఒకటుంది. మూతి తిప్పడం, తడబడటం, తన్నులు తినడం, అన్నిటికంటే ముఖ్యంగా కిందపడటం అక్కడ నేర్పుతారు. ప్రభుత్వంవారి వేరే శాఖల్లో ఇవన్నీ శిక్షణ లేకుండానే జరుగుతున్నాయి కదా అని కొందరన్నారు గానీ, అది గిట్టనివాళ్ళ మాట.

కోరాడ పైడిరాజు అందులో నటుడు. నటుడంటే ఇంకా ఖాయమైన నటుడు కాదు. అసలు ఉద్యోగం తూనికలు కొలతల శాఖలో. కిరాణా కొట్ల తూకపురాళ్ళ మీద ముద్ర కొట్టడం పని. కొట్టీ కొట్టీ ఆ టక్కుటక్కు నిద్రలో కూడా వినిపించేది. చిన్నప్పటి నుంచీ జనాన్ని నవ్వించాలని ఒకటే ఆశ. ఎవరెవరి కాళ్ళో పట్టుకుని, డెప్యుటేషన్ మీద ఏడాదికి ఇక్కడికొచ్చి పడ్డాడు. షరతు ఒక్కటే. వార్షికోత్సవం నాటి ప్రదర్శనలో జనం నవ్వితే ఇక్కడే ఉంటాడు. నవ్వకపోతే మళ్ళీ తూకపురాళ్ళ దగ్గరికి పోతాడు.

జనం నవ్వడం లేదు. అదీ అతని బాధ. పైడిరాజు చాలా అందంగా పడతాడు. వెల్లకిలా పడతాడు, బోర్లా పడతాడు, స్టూలు మీద నుంచి మెలిక తిరిగి పడతాడు. ఒక్క దెబ్బ తగలదు. కానీ పడినప్పుడల్లా చూసేవాళ్ళ నోట వచ్చే మాట ఒక్కటే, "అయ్యో!". ఒకసారి ఒక పెద్దావిడ ప్రదర్శన మధ్యలో లేచొచ్చి మంచినీళ్ళిచ్చింది. ఇంట్లో అతని భార్య సుభద్ర పొయ్యి మీద పాలు పొంగితే నవ్వుతుంది, పక్కింటివాళ్ళు పోట్లాడుకుంటే పొట్టచెక్కలయ్యేలా నవ్వుతుంది. ఇతను నడిమింట్లో పల్టీకొట్టి పడితే మాత్రం "ఏటండీ, నడుం పట్టేసిందా, ఆవిరి పెట్టమంటారా?" అంటుంది. ఆ ఆవిరి గిన్నె చూస్తే పైడిరాజుకి ఏడుపొచ్చేది.

శిక్షణాలయంలో పడటం నేర్పేది రత్తమ్మ మేష్టారు. ఆడమనిషే అయినా మేష్టారనే పిలవాలి, టీచరంటే పలకదు. ఒకప్పుడు నాటకాల్లో హాస్య వేషాలు కట్టేది. తను స్టేజి మీదికొస్తే రాజు వేషగాడు పద్యం మరిచిపోయేవాడని ఆమే చెబుతుంది. కాదనడానికి ఆ రాజులెవరూ ఇప్పుడు లేరు. ఆమె నశ్యం పీల్చుకుని పైడిరాజు జబ్బులక్షణం చెప్పింది.

"నీకు పడ్డం వచ్చును నాయనా. పడననుకోడం రాదు. స్టూలు మీద కాలెట్టకముందే నీ మోకాలికి తెలిసిపోతంది పడతానని. నీ మోకాలికి తెలిసింది జనానికి తెలీదేటి? పడతానని తెలిసినోడు పడితే జాలి. పడననుకున్నోడు పడితే నవ్వు. అంతే ఇద్య."

"పడాలని తెలిసీ పడననుకోవడం ఎలాగ మేష్టారూ?"

"అది సెప్పితే రాదు. ఎక్కడైనా సూడాల" అని ఆమె ముక్కు తుడుచుకుంది.

ఎక్కడ చూడాలో తెలియక పైడిరాజు తిరుగుతున్న రోజుల్లోనే ఆ ఊళ్ళోకి భద్రత వచ్చింది.

భద్రత మొదట ఫ్యాక్టరీల కోసం పుట్టింది. అది బాగుందని తోచి ప్రభుత్వం అన్ని కార్యాలయాలకూ వర్తింపజేసింది. ప్రతి ఆఫీసు గేటు దగ్గరా ఒక బోర్డు పెట్టించారు, "ఈ కార్యాలయంలో ఆఖరి ప్రమాదం జరిగి ఇన్ని రోజులు" అని. ఆ 'ఇన్ని' దగ్గర రోజూ అంకె మార్చాలి. రాళ్ళ క్వారీల్లో, బాణసంచా గోదాముల్లో, కరెంటు సబ్‌స్టేషన్లలో ఆ అంకె దర్జాగా పెరుగుతూ పోయింది. హాస్యనటనా శిక్షణాలయం దగ్గర మాత్రం పెట్టిన నాటి నుంచీ సున్నాయే. ఎందుకంటే సర్క్యులర్లో ఇలా ఉంది: "విధి నిర్వహణలో నున్న సిబ్బందిలో ఎవరైనను నిలుచున్న స్థితి నుండి నేలను తాకు స్థితికి హఠాత్తుగా చేరినచో, అట్టి చేరిక పతనముగా పరిగణింపబడును. ప్రతి పతనమునకు వైద్య పరీక్ష, వాఙ్మూలము, పై అధికారికి నివేదిక తప్పనిసరి."

రత్తమ్మ క్లాసులో ఒక్క పూటలో అందరూ కలిసి పడే పడటాలకి నివేదికలు రాయడానికి పక్క ఆఫీసు నుంచి గుమాస్తాలను అరువు తెచ్చుకోవలసి వచ్చింది. వాళ్ళలో ఒకడు నివేదికల కట్ట మోసుకెళుతూ మెట్ల మీద పడ్డాడు. దానికీ ఒక నివేదిక రాశారు.

ప్రిన్సిపాల్ హేమసుందరంగారు మెత్తని మనిషి. పైనుంచి ఏ కాగితం వచ్చినా దండం పెట్టి చదివే రకం. ఆయన నటీనటులను సమావేశపరచి, "పడవద్దని ప్రభుత్వం అనడం లేదు. పతనాన్ని సురక్షితం చేయమంటోంది, అంతే. మన కళకు ఇది స్వర్ణావకాశం" అన్నారు.

మొదట నేల నిండా పరుపులు వేశారు. పడితే చప్పుడు లేదు. పడినవాడు పడుకున్నట్టు కనిపించేవాడు, ఇద్దరు నిజంగానే నిద్రపోయారు. తరువాత హెల్మెట్లు వచ్చాయి. మూతి తిప్పడం నేర్చుకుంటున్నవాళ్ళ మూతులు వాటిలో కనిపించకుండా పోయాయి. ఆ తరువాత ఒక మనిషి స్టేజి పక్కన ఎర్రజెండా పట్టుకుని ఈలవేసి, "పతనం జరగబోతున్నది, ప్రేక్షక మహాశయులు గమనించగలరు" అని ప్రకటించాలన్నారు. చివరికి 'దశలవారీ పతనం' వచ్చింది. నటుడు ముందు మోకాళ్ళు వంచాలి, అనుమతి రాగానే కూర్చోవాలి, మోచేయి ఆన్చాలి, పక్కకు ఒరగాలి, ఆపైన పడినట్టు చేయెత్తి తెలియజేయాలి. ఆ పద్ధతిలో ఒక్క పడటం పూర్తయ్యేసరికి కాఫీ బ్రేకు వచ్చేది.

ఇన్ని చేసినా పాత అలవాటు పోని పైడిరాజు ఒకనాడు క్లాసులో కుంటి స్టూలు ఎక్కి, ఎర్రజెండా మనిషి ఈల వెతుక్కునేలోగా ఢామ్మని పడ్డాడు. కనీసం ఈ హడావిడికైనా నవ్వుతారేమోనని ఆశ. జెండా మనిషి "అయ్యో" అన్నాడు. మర్నాడు విచారణ సంఘం వేశారు.

సంఘానికి అధ్యక్షులు వృత్తి భద్రతాధికారి కాళ్ళకూరి వీరభద్రమూర్తిగారు. భారీ మనిషి, ఎండాకాలంలో కూడా కోటు విప్పరు. నడిస్తే ఊరేగింపులా ఉంటుంది. చేతిలో ఎప్పుడూ తాను స్వయంగా రచించిన 'భద్రతా కరదీపిక' అనే లావుపాటి పుస్తకం. ఆయన వెంట ఒక డాక్టరు, ఒక ఇంజనీరు. రిహార్సల్ హాల్లో బల్ల వేసి, ఎదురుగా పైడిరాజును నిలబెట్టారు. పక్కన నేరస్తురాలైన కుంటి స్టూలును కూడా నిలబెట్టారు, గోడకి ఆన్చి.

"మీరు కావాలని పడ్డారా, పొరపాటున పడ్డారా?" అని మూర్తిగారు మొదలుపెట్టారు.

"కావాలనే సార్."

"అనగా ప్రభుత్వ సమయంలో, ప్రభుత్వ ఆవరణలో, ఒక ప్రభుత్వోద్యోగి శరీరాన్ని బుద్ధిపూర్వకంగా నేలకేసి కొట్టారు."

"నా శరీరమేనండి."

"పది గంటల నుంచి ఐదింటి దాకా మీది కాదు."

పైడిరాజు కంగారు పడ్డాడు. "అది కాదు సార్. కావాలనే, కానీ పొరపాటున పడినట్టుగా..."

"అయితే పొరపాటు. నిర్లక్ష్యం కిందికి వస్తుంది."

"పొరపాటు కాదండి. పడాలని తెలిసీ, పడనని నమ్మి, అప్పుడు..."

డాక్టరు తన కాగితం మీద 'మాటలో పొంతన లేదు' అని రాసుకున్నాడు. ఇక చూడలేక రత్తమ్మ లేచింది. "బాబూ, పడినోడు పడతానని అనుకోకూడదు. అనుకుంటే నవ్వు రాదు. మావోడికి అదే రాటం లేదు."

మూర్తిగారు కళ్ళజోడు పైనుంచి చూశారు. "అనుకోకుండా పడడానికి శిక్షణ దేనికమ్మా? దేశమంతా పడుతున్నారు."

"అనుకోకుండా ఉండ్డానికే బాబూ సిచ్చణ."

మూర్తిగారు నిట్టూర్చి, పుస్తకం పట్టుకుని లేచారు. "ప్రమాదానికి కారణం స్టూలు కాదు, భూమ్యాకర్షణ కాదు. క్రమశిక్షణా లోపం. కరదీపిక మూడో అధ్యాయం ప్రకారం ఎక్కినవాడు ఏ స్టూలు మీద నుంచీ పడడు. పడజాలడు. సంఘం దీన్ని క్షేత్రస్థాయిలో నిరూపిస్తుంది. స్టూలు ఇటు తెండి."

స్టూలు తెచ్చారు. దానికో కాలు పొట్టిదని ఇంజనీరు చెప్పబోతే, "కాలు సంగతి మనస్సు చూసుకుంటుంది" అని మూర్తిగారు వారించారు. ఎడమకాలు పెట్టారు. కరదీపిక తెరిచి, "స్టూలు నెక్కువాడు తన బరువును" అని చదువుతూ కుడికాలు కూడా పెట్టారు. స్టూలు అటొకసారి వంగింది. ఆయన స్టూలు వైపు చూశారు. కింది ఉద్యోగి ఎదురు చెబితే పై అధికారి ఎలా చూస్తాడో అలా చూశారు. అది సర్దుకుంది. ఆయన మొహంలో తృప్తి కనిపించింది. చూపుడువేలు పైకెత్తి, "గమనించారా!" అన్నారు.

అంతే. కోటు ఒకవైపు, కరదీపిక ఒకవైపు, మూర్తిగారు నడిమధ్యన. వేలు మాత్రం ఇంకా పైకే ఉంది.

వెనక వరస నటులు తువ్వాళ్ళు నోట్లో కుక్కుకున్నారు. మూర్తిగారు నేల మీద నుంచే, మొహంలో ఒక్క గీత చెదరకుండా, "ఇది పతనం కాదు. పరిశీలన" అన్నారు. లేచారు, కోటు దులుపుకున్నారు, స్టూలుకి మెమో ఇవ్వబోతున్నట్టు చూశారు. దాన్ని ఒక అంగుళం పక్కకి జరిపి, ఇప్పుడంతా సరిపోయిందన్నట్టు తలాడించి, మళ్ళీ ఎక్కారు.

మళ్ళీ పడ్డారు. పట్టుకోబోయిన ఇంజనీరు ఆయనతో పాటు పడ్డాడు. "ఇది సహాయక పరిశీలన" అన్నారు మూర్తిగారు.

నవ్వు ఆపుకోలేక పైడిరాజు వంగిపోతుంటే రత్తమ్మ అతని తొడ మీద గట్టిగా గిల్లింది. "నవ్వుతావేట్రా! సదువుకో. కళ్ళు తెరుసుకుని సదువుకో. ఆ మోకాళ్ళు సూడు. ఇప్పుడు పడ్డాడా? అయినా ఆ మోకాళ్ళకి తెలీదు. మళ్ళీ ఎక్కుతాడు, మళ్ళీ తెలీదు. నా జన్మలో అంత నమ్మకం ఉన్నోణ్ణి సూళ్ళేదు."

పైడిరాజు అప్పుడు చూశాడు. నవ్వు మానేసి, ప్రాణం పెట్టి చూశాడు. పడటంలో ఏమీ లేదు. ఉన్నదంతా పడే ముందు ఆ వేలెత్తడంలో ఉంది, పడ్డాక ఆ కోటు దులుపుకోవడంలో ఉంది, తప్పంతా స్టూలుదే అన్న ఆ చూపులో ఉంది. ఇన్నాళ్ళూ తను వెతుకుతున్నది కోటు వేసుకుని నడిచొచ్చింది. పైడిరాజుకి ఆయన కాళ్ళకి దండం పెట్టాలనిపించింది. కానీ ఆ సమయానికి అవి కొంచెం ఎత్తులో ఉన్నాయి.

సాక్ష్యాలు తేలకపోవడంతో సంఘం గడువు పొడిగించారు. రోజూ పరిశీలన జరిగేది. కిటికీల దగ్గర జనం చేరడం మొదలైంది. గేటు దగ్గర ఒకడు వేయించిన బఠాణీల బండి పెట్టాడు. ఇంత మంది శిక్షణాలయానికి ఎప్పుడూ రాలేదని మురిసిపోయి హేమసుందరంగారు పై అధికారులకు "కార్యక్రమాలకు అపూర్వ ప్రజాదరణ" అని రాశారు. పైడిరాజు ముద్దాయి కనుక రోజూ ముందు వరసలో కూర్చునే హక్కు అతనికుంది. ఒక్క రోజు మానలేదు.

ఇంట్లో సాధన చేసేవాడు. ఒక సాయంత్రం వంటింట్లో పీట ఎక్కి, పంచాంగం పట్టుకుని, సుభద్ర వైపు వేలెత్తి, "గృహిణి గమనించగలదు. పీటపై నిలుచు విధానంబెట్టిదనిన..." అంటున్నాడు. పీట కదిలింది. అతను దాని వైపు ఒక్క చూపు చూశాడు. పడలేదు, ఇంకా పడలేదు. సుభద్ర చేతిలో గరిటె జారిపోయింది. నవ్వి నవ్వి గోడకి ఆనుకుని కూలబడి, "అబ్బ, ఆపండీ... ఆపకండీ... ఆ చూపు మళ్ళీ ఒక్కసారి!" అంది.

పెళ్ళయిన నాటి నుంచీ ఆమె అతన్ని చూసి నవ్వడం అదే మొదలు. పైడిరాజు పీట మీద నిలబడే కళ్ళు తుడుచుకున్నాడు.

కానీ సంతోషం ఎక్కువ రోజులు నిలవలేదు. వార్షికోత్సవానికి ముందు సంఘం మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. ఇకమీదట శిక్షణాలయంలో పతనం సంపూర్ణంగా నిషేధం. వార్షికోత్సవం నాడు పైడిరాజు 'స్టూలుపై భద్రతా ప్రసంగం' అనే అంశాన్ని ప్రదర్శించాలి. కరదీపిక మూడో అధ్యాయం చదవాలి. ఒకవేళ పడితే, పడిన క్షణం నుంచే డెప్యుటేషన్ రద్దయి మాతృశాఖకు చేరుకోవాలి. దానికి హామీ రాసి సంతకం చేయించుకున్నారు.

హేమసుందరంగారు సంతకం మీద ఇంకు ఆరబెడుతూ, "పడకుండా ఉండటం మీ బాధ్యత. అయితే జనం నవ్వాలన్న పాత షరతు కూడా అలాగే అమల్లో ఉంది సుమండీ. ఒక ఉత్తర్వు ఇంకో ఉత్తర్వును రద్దు చేయలేదు" అని నవ్వారు.

పైడిరాజు తిన్నగా రత్తమ్మ దగ్గరికి పోయి ఏడ్చేశాడు. "పడితే తూకపురాళ్ళు, పడకపోతే జనం నవ్వరు, అప్పుడూ తూకపురాళ్ళే. నేనేటి సెయ్యాల మేష్టారూ? అక్కడికెళ్ళి మళ్ళీ ఆ ముద్రలు కొట్టలేను. సచ్చిపోతాను."

రత్తమ్మ నశ్యం డబ్బీ తీసింది, మూసింది, మళ్ళీ తీసింది. "నాకేటి తెలుసు నాయనా? నా కాలంలో రాళ్ళేసిన జనం ఉన్నారు, టమాటాలేసిన జనం ఉన్నారు గానీ, పడొద్దన్న గవర్నమెంటు లేదు" అంది. చిటికెడు పీల్చి, "పడకు. అంతే. గట్టిగా పడకు" అంది.

వార్షికోత్సవం నాడు హాలు కిక్కిరిసింది. కిటికీల దగ్గర పరిశీలనలు చూసి రుచి మరిగిన ఊరు ఊరంతా వచ్చింది. ముందు వరసలో, మడత కుర్చీలో మూర్తిగారు కోటుతో సహా ఆసీనులయ్యారు. మడత కుర్చీ అని ఎందుకు చెబుతున్నానంటే, దాని పని తొందరలోనే ఉంది.

తెర లేచింది. పైడిరాజు ఒక పాత కోటు వేసుకుని, కరదీపిక పట్టుకుని వచ్చాడు. కుంటి స్టూలు చూస్తే భయం వేసింది. ఇన్నాళ్ళూ ఆ స్టూలు దగ్గరికి పోయినప్పుడల్లా ఇక్కడ పడాలి అనుకునేవాడు. ఈరోజు మనసులో ఒక్కటే మాట ఉంది. పడకూడదు. పడను. దేవుడా, పడను.

ఎక్కాడు. స్టూలు కుడికి వంగింది. పైడిరాజు దాన్ని తీవ్రంగా చూశాడు. ఎవరో కిసుక్కుమన్నారు. "పతనమునకు ఈ సంస్థలో స్థానము లేదు" అని గంభీరంగా చదివాడు. స్టూలు ఎడమకి వంగింది. నడుము ఒకవైపు, మెడ ఒకవైపు పోతున్నా గొంతు మాత్రం తొణక్కుండా, "స్టూలు నెక్కువాడు తన బరువును" అని మొదలుపెట్టి, ఒక కాలు గాల్లోకి లేచిపోతే ఆ కాలునే అదిలించి, మళ్ళీ పేజీలోకి వచ్చాడు. నవ్వు ఒక వరస నుంచి ఇంకో వరసకి పాకింది. ఆ నవ్వుకి అతను అదిరిపోయాడు. పడతానేమో! బిగుసుకున్నాడు, ఇంకా హుందాగా మారాడు. వేలెత్తి, "గమనించారా!" అన్నాడు. జనం నవ్వలేక చచ్చిపోయారు. పేజీ తిప్పాలంటే చేయి కావాలి, చేయి తీస్తే స్టూలు పోతుంది. నాలుకతో పేజీ తిప్పాడు. ఇప్పుడు పడతాడు, ఇదిగో ఇప్పుడు పడతాడు అని హాలంతా ఊపిరి బిగబట్టి, అతను పడకపోయేసరికి ఆ ఊపిరంతా నవ్వై బద్దలైంది. మూడో అధ్యాయం పూర్తి చేసి, ఒక కాలు దించి, రెండో కాలు దించి, పైడిరాజు నేల మీద నిటారుగా నిలబడ్డాడు. పడలేదు. ఒక్కరూ "అయ్యో" అనలేదు.

మూర్తిగారు అందరికంటే ఎక్కువ నవ్వారు. కళ్ళనీళ్ళు కారుతున్నాయి. "ఎవడయ్యా వీడు! ఇలాంటి మనిషి లోకంలో ఎక్కడైనా ఉంటాడా!" అని పక్కనున్న హేమసుందరంగారి తొడ మీద చరుస్తూ, చరుస్తూ, వెనక్కి వాలారు. మడత కుర్చీ తన పేరు నిలబెట్టుకుంది.

కుర్చీల మధ్య నుంచి ఒక వేలు పైకి లేచింది, దాని వెనకే గొంతు. "ఇది పతనం కాదు. పరిశీలన."

ఆ రాత్రి ఆ నవ్వు బీచి రోడ్డు దాకా వినిపించిందంటారు.

పతనం పతనమే. విచారణ జరగాలి. కానీ నిబంధన ప్రకారం అధ్యక్షత వహించడానికి అర్హుడైన అధికారి జిల్లాలో మూర్తిగారు ఒక్కరే. కనుక తన పతనాన్ని తానే విచారించారు. అధ్యక్షుడి కుర్చీలో కూర్చుని ప్రశ్న వేసేవారు, లేచి బల్ల చుట్టూ తిరిగొచ్చి సాక్షి కుర్చీలో కూర్చుని జవాబు చెప్పేవారు, జవాబు విన్నానన్నట్టు తలాడించడానికి మళ్ళీ బల్ల చుట్టూ తిరిగేవారు.

"మీరు కావాలని పడ్డారా, పొరపాటున పడ్డారా?"

బల్ల చుట్టూ తిరిగొచ్చారు. "నేను పడతానని కలలో కూడా అనుకోలేదు."

"అదీ!" అని రత్తమ్మ కుర్చీలోంచి లేచిపోయింది. "సూసావురా పైడీ? నూటికి నూరు!"

సంఘం నివేదిక చదివినవాళ్ళు అందులో తర్కానికి ఇప్పటికీ జోహార్లు అంటారు. అధికారి పతనానికి కారణం నవ్వు. నవ్వుకు కారణం ప్రేక్షకుల ఎదురుచూపు. ఎదురుచూపుకు కారణం, పడవలసిన సకల లక్షణాలూ ఉండి కూడా పైడిరాజు పడకపోవడం. కాబట్టి ప్రమాదానికి మూలకారణం పైడిరాజు పడకపోవడమే. "ఇకపై ప్రేక్షకుల భద్రత దృష్ట్యా, సదరు పైడిరాజు ప్రతి ప్రదర్శనయందును విధిగా పడవలెను." అలా పడటానికి ఒక మనిషి ఉండాలి గనుక, శాశ్వత ప్రాతిపదికన ఒక పోస్టు కూడా మంజూరైంది. జనం నవ్వాలన్న షరతు తీరింది, పడనన్న హామీ నిలిచింది, ఉద్యోగం ఖాయమైంది. సుభద్ర వీధిలో అందరికీ లడ్లు పంచింది.

ఉత్తర్వు తరువాత మొదటి ప్రదర్శన. పైడిరాజు ఉత్తర్వు ప్రకారం స్టూలు ఎక్కాడు, ఉత్తర్వు ప్రకారం పడ్డాడు. మూడో వరసలోంచి ఒకావిడ "అయ్యో" అంది.

ప్రభుత్వమే పడమన్నాక మోకాలికి తెలియకుండా ఎలా దాచడం? పైడిరాజు ఇంటికి పోయి అన్నం కలుపుకుంటూ కలుపుకుంటూ ఆగిపోయాడు. టక్కుటక్కుమని తూకపురాళ్ళ చప్పుడు చెవిలో మొదలైంది. సుభద్ర ఆవిరి గిన్నె తీయబోతూ అతని మొహం చూసి మళ్ళీ అటక మీద పెట్టేసింది. "పడమన్నారని పడిపోడమేటండీ? ఆ మూర్తిగారు ఎవరు సెప్పితే ఇన్నారు?" అంది.

పైడిరాజు అన్నం వదిలేసి లేచి, ఆ ఉత్తర్వు కాగితం వెతికి తీశాడు.

అప్పటి నుంచీ ప్రతి ప్రదర్శనకీ ముందు అతను తెర వెనక ఆ ఉత్తర్వును నాలుగు మడతలు పెట్టి కోటు జేబులో పెట్టుకుంటాడు. పళ్ళు బిగించి, "పడను. గవర్నమెంటు కాదు కదా, దాని తాత చెప్పినా ఈరోజు మాత్రం పడను" అనుకుంటాడు. ఉట్టినే అనుకోడు, నిజంగానే అనుకుంటాడు. వేలెత్తి, కరదీపిక తెరిచి, శాశ్వత ఉద్యోగం పోయినా సరే నిలబడి తీరాలని ఆఖరి క్షణం దాకా స్టూలుతో యుద్ధం చేస్తాడు. హాలు విరగబడి నవ్వుతుంది. స్టూలే ప్రతిసారీ గెలుస్తుంది. గేటు దగ్గర బోర్డు మీద సున్నాకి రంగు వెలిసిపోతే, పెయింటరును పిలిచి మళ్ళీ సున్నాయే రాయించారు. ప్రభుత్వోత్తర్వును ఇంత మనస్ఫూర్తిగా ధిక్కరించి, ఇంత తు.చ. తప్పకుండా అమలు చేసే ఉద్యోగి ఆ శాఖలో ఇంకొకడు లేడు.